సున్నపు పట్టీ చెట్లు

మాధవీలతని ఇప్పుడు ఆ చుట్టుపక్కల పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. కంచిలి సంతలో కనబడినా, పుట్టింటికని సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరు దిగినా "డ్రోనక్కా" అనే కేక వినబడుతుంది. ఆ కేక చెవిన పడగానే ఆమె తల దించుకుని గబగబా నడిచిపోతుంది. సిగ్గరి మనిషి అనుకుంటారు జనం. వాళ్లు అనుకున్నదాంట్లో తప్పు లేదు, సిగ్గే. అది ఎక్కడ మొదలైందో కనుక్కునే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

ఇంటర్ పాసైన ఏడాదే పెళ్లయి, కంచిలి మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న తూర్పుతోటకి కోడలిగా వచ్చింది. మగడు ఉమామహేష్ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర పని చేస్తాడు, వారానికోసారి ఇంటి మొహం చూస్తాడు. మామ నారాయణమూర్తి ఊళ్లో పెద్దమనిషి. పంచె మడత నలగకుండా ఊరంతా చుట్టి రాగలడు. అతనికి ఉన్న ఆస్తి కొబ్బరితోట, ఉన్న జబ్బు పరువు. మాధవీలత ఆ ఇంట్లో వంటింటికి అంటిపెట్టుకుని ఉండిపోయే రకం కాదు. స్కూటీ నేర్చుకుంది, పొదుపు సంఘంలో చేరి నలుగురిలో మాట్లాడటం నేర్చుకుంది. సంఘానికి మందు కొట్టే డ్రోను ఇస్తారట, దాన్ని ఎగరేయడానికి ఒక ఆడమనిషి కావాలట అన్నప్పుడు మిగతావాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే ఆమె చెయ్యెత్తింది.

శిక్షణలో పాఠం చెప్పిన కుర్రాడు మాటకారి. ఎండలు ముదురుతున్నాయి, తోట పనికి మనుషులు దొరకరు, ఇకమీదట ఏ పురుగు ఎప్పుడు వస్తుందో ఫోను ముందే చెబుతుంది, మందు మిషన్ కొడుతుంది, రేపటి సేద్యమంతా ఇదే అన్నాడు. రేపంటే భయపడటం తప్ప మరోటి ఎరగని ఊరి నుంచి వెళ్లిన మనిషికి ఆ మాట కొండంత ధైర్యమిచ్చింది. డ్రోనుతో ఊళ్లో దిగిన రోజున ఆమె నడకే మారిపోయింది.

తూర్పుతోటకి రేపంటే భయం ఊరికే పట్టుకోలేదు. తిత్లీ తుపాను వచ్చి తాతలనాటి కొబ్బరిచెట్లని వేళ్లతో సహా పెకలించి పారేసింది. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. నిచ్చెన వేసుకుంటే ఆకు అందే ఎత్తు. అంతలో తెల్లదోమ దిగింది. ఇదివరకు వేసవిలో అడపాదడపా జల్లులు పడి పురుగుని కడిగేసేవి. ఇప్పుడు ఎండ కాస్తే నెలల తరబడి అదే కాస్తుంది, వాన పడితే ఊరు కొట్టుకుపోయేలా పడుతుంది. దోమ ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. దాని జిగురు కింది ఆకుల మీద కారి, మసి పట్టి, తోట తోటంతా పొయ్యి వెనకాల గోడలా నల్లబడిపోతుంది.

మామ తోటలోనే దమయంతి చెట్లు కూడా ఉన్నాయి. దమయంతి నారాయణమూర్తి తమ్ముడి పెళ్లాం, మాధవీలతకి చిన్నత్త. ఆమె మగడు కిడ్నీ జబ్బుతో పోయాడు. ఇప్పుడు అదే జబ్బు ఆమెని పట్టుకుంది. రోజు విడిచి రోజు ఆటో ఎక్కి పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తుంది. అన్నదమ్ముల పంపకాల్లో నేల అన్నకి, చెట్లలో కొన్ని తమ్ముడికి వచ్చాయి. పొరుగూరివాళ్లకి ఇది తికమకగా ఉంటుంది గాని తూర్పుతోటలో చాలా తోటలు ఇలాగే ఉన్నాయి. నేల ఒకరిది, అందులో ఇక్కడొకటీ అక్కడ రెండూ నిలబడ్డ చెట్లు మరొకరివి. చెట్టు పడిపోయినా ఆ చోటు మీద హక్కు పోదు, అక్కడే ఇంకో మొక్క పెట్టుకోవచ్చు. ఆనవాలుకి చెట్టు మొదలు చుట్టూ సున్నంతో పట్టీ గీస్తారు. పట్టీ ఉన్న చెట్టు కింద రాలిన కాయని ఊళ్లో పసివాడు కూడా ముట్టడు. తుపానుకి అన్నీ పడ్డాక దమయంతి తన చోట్లలోనే మళ్లీ నాటుకుని, మొక్కలు మానయ్యాక పట్టీలు గీసుకుంది.

తెల్లదోమ మీద జరిగిన మీటింగులో ఓ ఆఫీసరు, దోమపిల్లల్లో గుడ్డు పెట్టి వాటిని చంపే చిన్న రెక్కల పురుగొకటి ఉందనీ, కంటికి సరిగా ఆనదనీ, దాన్ని తోటలో బతకనిస్తే ఘాటు మందులు అక్కర్లేదనీ చెప్పాడు. అందరూ టీ తాగి ఇళ్లకి వచ్చేశారు. దమయంతి ఒక్కతే ఆ మాట పట్టుకుంది. కవిటి వైపు ఎవరి తోటలోనో అది ఉందని విని వెళ్లి, ఆ పురుగు గుడ్డు పెట్టగా నల్లబడిన దోమపిల్లలున్న ఆకుముక్కలు తెచ్చుకుంది. వాటిని తన చెట్ల ఆకులకి గుండుసూదులతో గుచ్చింది. ఆసుపత్రికి పోని రోజున నిచ్చెన ఈడ్చుకుంటూ చెట్టు చెట్టుకీ తిరిగేది. రెండు మెట్లెక్కి ఆయాసం తీర్చుకుని మరో రెండెక్కేది. అలా ఓ వేసవి దాటించి, పురుగుని బతికించింది. ఆ చుట్టుపక్కల తోటల్లో అది బతికున్నది ఆమె చెట్ల మీదే.

"నాను పోయినా ఈ తోటని ఇయి సూసుకుంటాయే" అనేది మాధవీలతతో. "నీ మిషన్‌కి సార్జింగు గావాల. ఈటికి అదీ అక్కర్నేదు."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఒకరంటే ఒకరికి ఇష్టమే. అత్త లేని ఆ ఇంట్లో మాధవీలతకి పురుడు పోసింది దమయంతే.

డ్రోనుతో మొదటిసారి మందు కొట్టే పండగ తన తోటలోనే జరగాలని నారాయణమూర్తి పట్టుబట్టాడు. టెక్కలిలో పురుగుమందుల షాపున్న బాబ్జీ ఆ రోజుకి మందు ఊరికే ఇస్తానన్నాడు. వేపనూనె కాదు, బలమైనదే. అంతకు ముందు సాయంత్రం దమయంతి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఒలే మాదవీ, రేపు నాను పలాస ఎల్లిపోతాను. నా సెట్ల మీదకి నీ మిషన్ రానీయకే. ఆ మందు సోకితే నా పురుగులన్నీ సచ్చిపోతాయి."

"నాకు తెలీదేటి సిన్నత్తా? నీ సెట్లు ఒగ్గీసే కొడతాను. దిగులెట్టుకోక ఎల్లిరా."

తెల్లారి తోటంతా జనమే. సర్పంచి, సంఘం ఆడవాళ్లు, మండలం నుంచి వచ్చిన ఆఫీసర్లు, ఎవరి ఫోను వాళ్లు పైకెత్తి పట్టుకున్నవాళ్లు. మాధవీలత తోట మూలమూలకీ నడిచి నాలుగు హద్దులూ రిమోట్‌లో పెట్టింది. తెర మీద తోట పచ్చటి ముక్కలా కనబడింది. ఎటు నుంచి ఎటు ఎగరాలో మిషనే గీతలు గీసేసుకుంది. దానికి నేల తెలుసు, హద్దులు తెలుసు. ఆ నేలలో చెట్లు వేరే మనిషివని దానికెలా తెలుస్తుంది? సున్నపు పట్టీలు చెట్టు మొదలు దగ్గర ఉంటాయి, పైనుంచి చూస్తే మట్టలు తప్ప ఏమీ కనబడవు. దమయంతి చెట్లని తప్పించాలంటే ఒక్కొక్క చెట్టు దగ్గరికీ వెళ్లి నిలబడి, ఇక్కడ మందు వద్దని గుర్తు పెట్టుకుంటూ రావాలి. ఆ పని ముందు రోజే చేసుకోవాల్సింది. కొత్త చీరకి జాకెట్టు చూసుకోవడంలో సాయంత్రం గడిచిపోయింది.

"ఏటమ్మా, ఇంకా సూత్తన్నావు? అందరూ ఎండలో నిలబడ్డారు" అన్నాడు మామ, నవ్వు మొహం చెదరనివ్వకుండా.

"సిన్నత్త సెట్లు మావయ్యా. గుర్తులెట్టాల. కొంచెంసేపు ఆగమనండి."

"ఆ సెట్లకీ మందు పడితే మంచిదే కదా. ఊరికే ఒచ్చింది ఒద్దంటాదేటి? కానీ, కానీ."

మామ మాట కాదనలేక నొక్కాను అని ఆమె తర్వాత చాలాసార్లు తనకి తను చెప్పుకోబోయింది. అది అబద్ధమని ఆమెకే తెలుసు. గట్టిగా ఒక్క మాటంటే నారాయణమూర్తి నలుగురిలో గొడవ పెట్టుకోడు. ఆమెకి ఆగడం ఇష్టం లేకపోయింది. అన్ని ఫోన్లు తనవైపు తిరిగి ఉండగా ఆ చెట్టు దగ్గరికీ ఈ చెట్టు దగ్గరికీ పరుగులు పెడితే, పని రాని మనిషిలా కనబడతానని భయపడింది. ఒక్క ఊపున మిషన్ లేవాలి, జనం హా అనాలి. అదే కావలసివచ్చింది. మీట నొక్కింది. మిషన్ లేచింది, జనం హా అన్నారు. పట్టీ ఉన్న చెట్ల మీదా లేని చెట్ల మీదా మందు ఒకేలా పడింది. ఏ చెట్టు మీద పడిందో ఏ చెట్టు తప్పించిందో కింద నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లకి ఏం తెలుస్తుంది?

ఆ సాయంత్రం దమయంతి ఆటో దిగి, నడవలేక నడవలేక నేరుగా వచ్చింది.

"నా సెట్లు ఒగ్గీసినావు కదే?"

"ఆఁ. ఒగ్గీసినాను."

ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో మాధవీలతకి ఈనాటికీ ఆశ్చర్యమే.

నాలుగు రోజుల్లో తోటలో తెల్లదోమ మటుమాయమైంది. వీడియోలు పలాస దాటి, టెక్కలి దాటి తిరిగాయి. డ్రోనక్క అన్న పేరు అప్పుడే పుట్టింది. దమయంతి తన చెట్ల దగ్గరికి వెళ్లి ఆకులు తిప్పి చూసుకుంది. అడుగున తెల్లగా ఏమీ లేదు. మందు పడని చెట్ల మీద కూడా దోమ పోయిందంటే అది తన పురుగుల పనే కదా! పట్టరాని ఆనందంతో బెల్లం ముక్క పట్టుకుని వచ్చి మాధవీలత నోట్లో పెట్టింది.

"నా పురుగులు గెలిసినాయే! నీ మిషన్ ఎంత సేసిందో నా పురుగులూ అంతే సేసినాయి. ఊరందరికీ పంచుతాను."

అప్పుడైనా చెప్పాల్సింది. బెల్లం నోట్లో ఉంది కదా అన్నట్టు ఊరుకుంది.

దమయంతి నిజంగానే పంచింది. నల్లబడ్డ దోమపిల్లలున్న ఆకుముక్కలు కత్తిరించి, గుండుసూదులతో సహా ఇంటింటికీ ఇచ్చింది. ఎలా గుచ్చాలో చూపించింది. ఆ ముక్కల్లో బతికున్న పురుగు ఒక్కటీ లేదని ఆమెకి తెలీదు. తెలిసిన మనిషి పక్కింట్లోనే ఉంది. మందులు కొట్టబోయిన కొందరు దమయంతి మాట మీద ఆగారు. నెల తిరిగేసరికి ఎండలు మండిపోయి తెల్లదోమ మళ్లీ వచ్చింది. దాన్ని చంపే పురుగు లేని తోటలో ఇదివరకటి కంటే ఎక్కువే పుట్టింది. మామ చెట్లకి రెండోసారి మందు కొట్టారు, ఈసారి గుర్తులు పెట్టి పట్టీ చెట్లని తప్పించారు. ముందుగా నల్లబడింది దమయంతి చెట్లే. ఆమె మాట మీద ఆగినవాళ్ల తోటలూ మసి పట్టాయి.

ఊరు ఆమెని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నవ్వింది. 'పురుగుల దమయంతి' అని పేరు పెట్టింది రత్నాలమ్మ. ఎదురింటి మనిషి, మాధవీలత అప్పా అని పిలిచే వరసకి అక్క, మాటకి మాట తడుముకోదు. కుళాయి దగ్గర బిందె పెట్టి, దమయంతి నిచ్చెన మోసుకుంటూ రొప్పడం, చెట్టుకి సూది గుచ్చి "అమ్మా, తినండే" అని పురుగుల్ని బతిమాలడం చేసి చూపించింది. ఆడవాళ్లు బిందెలు దించి మరీ నవ్వారు. మాధవీలత కూడా నవ్వింది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని ఎవరైనా అడుగుతారేమోనని నవ్వింది. అప్పుడే సందు మలుపులో దమయంతి కనబడింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని కాసేపు నిలబడి, నీళ్లు పట్టుకోకుండానే వెనక్కి తిరిగిపోయింది. ఆ రోజు మాధవీలత తన మొహం తనకే చూడబుద్ధి కాక అద్దం ముందు నిలబడకుండా జడ వేసుకుంది.

టెక్కలిలో సభ పెట్టి శాలువా కప్పినప్పుడు కూడా అదే పరిస్థితి. రాబోయే రోజుల్లో ఏ తుపాను వచ్చినా, ఏ తెగులు వచ్చినా ఎదుర్కొనేది ఇలాంటి ఆడబిడ్డలే అని వేదిక మీద ఎవరో గట్టిగా అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. భూమి తనని మింగేస్తే బాగుండునని ఆమె నేల చూపులు చూసింది. వినయం, వినయం అన్నారు ముందు వరసలోవాళ్లు.

శాలువా ఇంటికి తెచ్చిన మర్నాడు దమయంతి వచ్చింది. ఆ మధ్య ఆమె ఎవరిళ్లకీ రావడం మానేసింది. మొహం వాచి ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రమ్మంటే వద్దని చెయ్యూపింది.

"మాదవీ, నా సెట్లకి కూడా నీ మిషన్ పెట్టి కొట్టీయే. ఆ పురుగులతోటి నాను ఎర్రిదాన్నైపోనాను. సదువూ సట్టుబండలూ లేనిదాన్ని, ఆఫీసరు ఏదో సెప్తే నమ్మీసినాను. నా మాట నమ్మి పదిమంది తోటలు పాడైపోనాయి. ఎంత మందు గావాలో సెప్పు, తెచ్చుకుంటాను."

అంత పట్టుదల మనిషి అలా చేతులెత్తేసి నిలబడటం చూసేసరికి మాధవీలత గడప మీద కూలబడిపోయింది.

"నీ పురుగులు తప్పు సేయనేదు సిన్నత్తా. ఆ రోజే నాను సంపీసినాను. నీ సెట్లు ఒగ్గలేదు. అన్నిటి మీదా కొట్టీసినాను. నువ్వు పంచినప్పటికే అన్నీ సచ్చిపోనాయి."

దమయంతి అరుస్తుందనుకుంది, కొడుతుందనుకుంది. కొడితే ఈ బరువు కొంత తగ్గుతుందని కూడా ఆశపడింది. దమయంతి మెల్లగా గోడకి చేరగిలబడి కూర్చుంది.

"అయితే నా పురుగులు ఓడిపోనేదన్నమాట" అంది చివరికి. ఆ మాటలో ఏడుపుందో సంతోషముందో తెలీలేదు. "నాను ఎర్రిదాన్ని కాదన్నమాట."

"కాదు సిన్నత్తా."

"ఇంకెవరికి సెప్పినావు?"

"నీకే."

"నాకు సెప్పి నీ కడుపులో బాద దింపుకున్నావు. బాగుంది. మరి నన్ను ఎర్రిదన్నోలందరికీ ఎవరు సెప్తారే? నానే ఎల్లి నా కోడలు సంపీసిందని సెప్పుకోవాలా?"

మాధవీలత గడప మీది మట్టిని అరచేత్తో తుడిచింది.

"రేపు నాను పలాస ఎల్తాను. నాను ఊళ్లో లేనప్పుడు తిరిగి సెప్పు. నా ఎదట సెప్తే మొగమాటానికి ఔనంటారు, అది నాకొద్దు." అని, లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయింది.

నారాయణమూర్తి లోపల గదిలోంచి అంతా విన్నాడు. "ఇంటి పరువు ఈదిలోకి ఈడ్సకమ్మా" అన్నాడు. "ఆయమ్మకి సెప్పీసినావు, సాలు. పురుగుల గురించి ఊరంతా తిరగడమేటి?" మామని తప్పు పట్టే మొహం మాధవీలతకెక్కడుంది? మర్నాడు పొద్దున్నే చీర మార్చుకోకుండానే బయల్దేరింది.

ప్రతి ఇంట్లోనూ మర్యాదే ఎదురొచ్చింది. డ్రోనక్క గుమ్మంలోకి వచ్చిందని కుర్చీ వేశారు, టీ పెట్టారు, పిల్లల్ని పిలిచి చూపించారు. విషయం చెప్పేసరికి ఒక క్షణం నోరు తెరిచి, మళ్లీ నవ్వేశారు. "ఓస్, ఇంతేనా? పురుగులు సస్తే ఏటి?" అన్నారు. పక్క తోట గున్నయ్య అయితే, మా తోటకెప్పుడొస్తావని అడిగాడు. ఆమె తప్పు ఎవరికీ తప్పుగా కనబడలేదు, అందువల్ల దమయంతి మీద పడ్డ నవ్వు కూడా ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఒక్కో గుమ్మం దిగుతున్నకొద్దీ ఆమెకి తన మీద తనకి రోత ఎక్కువైంది. ఇంత తేలిగ్గా క్షమించే ఊళ్లో ఆమె ఇన్నాళ్లూ భయపడింది దేనికి? తన గొప్ప పోతుందని. అది పోలేదు కూడా.

మధ్యాహ్నం దాటాక రత్నాలమ్మ ఇంటికి చేరింది. రత్నాలమ్మ అరుగు మీద జీడిగింజలు ఎండబోస్తోంది. చేతులు ఆపకుండానే వినడం మొదలుపెట్టిన ఆమె, సగం వినేసరికి ఆపేసింది. టీ ఇస్తాననలేదు. కూర్చోమననూ లేదు.

"అన్నీ సచ్చిపోయిన పురుగులే పంచిందా ఆయమ్మ?"

"అవునప్పా. తనకి తెలీదు."

"నీకు తెలుసు."

"తెలుసు."

రత్నాలమ్మ మొహం ఎర్రబడింది. కొంగుతో నుదురు తుడుచుకుని, ఎదురుగా ఉన్న దమయంతి ఇంటి తాళం వైపు చూసింది.

"ఆయమ్మ నిచ్చెన మొయ్యడం నాను ఏసి సూపించినానే అందరికీ. ఆ జబ్బు మనిసిని. నా నోరు పడిపోను." అని, మాధవీలత కళ్లలోకి చూసింది. "నాను తెలీక నవ్వినాను. నువ్వు తెలిసి నవ్వినావు."

కోపం లేదు ఆ గొంతులో. చూసింది చూసినట్టు చెప్పింది. మాధవీలత ఆ గుమ్మంలో అలా నిలబడిపోయింది.

అంతలో సందు చివర ఆటో ఆగింది. దమయంతి దిగడానికి కమ్మీ పట్టుకుని ఒక కాలు కింద పెట్టి తడబడుతోంది. రత్నాలమ్మ చేతిలో గింజలు అరుగు మీద పారబోసి, పరుగులాంటి నడకతో వెళ్లి ఆమె సంచీ అందుకుంది, రెండో చేత్తో భుజం పట్టుకుంది. ఏదో అంది. దమయంతి విని, ఆగి, మళ్లీ అడిగి, మళ్లీ విని, రత్నాలమ్మ భుజం మీద తల ఆన్చి ఏడ్చింది. మాధవీలత కూడా వాళ్ల దగ్గరికి వెళదామని అరుగు దిగింది. రెండో సంచీ ఒకటి ఆటోలోనే ఉండిపోయింది. దాన్ని అందుకునే చెయ్యి తనది కాకూడదనిపించి, ఆటో కుర్రాడు దాన్ని దింపేదాకా అక్కడే నిలబడింది.